‘గాలి’ కాదు... దిగులు!

కాన్పయి నెల దాటింది. బిడ్డ బొద్దుగా ఉన్నాడు. బాలింత మాత్రం గోడవైపు తిరిగి పడుకుంటుంది. అన్నం సయించదు, నిద్ర పట్టదు, ఊరికే ఏడుపొస్తుంది. ‘గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టించండి’ అంటుంది పెద్దమ్మ. ‘మేం కనలేదా పిల్లల్ని!’ అంటుంది అత్త. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి నుంచి ఆత్మకూరు దాకా, ఈ మాటలు కొత్తేమీ కాదు.

వైద్యులు దీన్ని ప్రసవానంతర కుంగుబాటు అంటారు. దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి 2017లో లెక్కగట్టారు. బాలింతల్లో 22 శాతం మందికి ఈ బాధ ఉందని తేలింది. అంటే అయిదుగురిలో ఒకరికి! కాన్పయిన కొత్తలో వచ్చిపోయే కన్నీళ్లు వేరు. రెండు వారాలు దాటినా వదలని దిగులు వేరు.

మాటే మందు

కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ... పేరు పెద్దదే కానీ సంగతి చిన్నదే. బిడ్డ ఏడుపు ఆపడు. ‘నేను చేతకాని తల్లిని’ అనిపిస్తుంది. ఆ దిగులుతో బిడ్డను ఎత్తుకోబుద్ధి కాదు. వాడింకా ఏడుస్తాడు. ఆ ఆలోచనే నిజమనిపిస్తుంది. ఈ గానుగను ఎక్కడో ఒకచోట ఆపాలి. ‘నిన్న నువ్వెత్తుకోగానే ఊరుకున్నాడు కదమ్మా?’ అని అడుగుతారు థెరపిస్టు. తల దువ్వుకోవడం, సాయంత్రం అరుగుమీద పావుగంట కూర్చోవడం... ఇలా రోజుకో చిన్న పని ఒప్పిస్తారు. వారం తర్వాత మళ్లీ మాట్లాడతారు.

ఇందుకు పెద్ద ఆసుపత్రే అక్కర్లేదు. పాకిస్థాన్‌లోని రావల్పిండి పల్లెల్లో మన ఆశా కార్యకర్తల్లాంటి మహిళలకే ఈ విద్య నేర్పారు. 903 మంది తల్లులపై జరిగిన ఆ అధ్యయనం 2008లో వెలువడింది. బిడ్డకు ఆరు నెలలొచ్చేసరికి, సాయం అందినవాళ్లలో 23 శాతం మందే కుంగుబాటులో ఉన్నారు. అందనివాళ్లలో 53 శాతం! కెనడాలోని ఒంటారియోలో ఒక్కరోజు ఆన్‌లైన్ తరగతితోనే తల్లులకు ఊరట దొరికిందని 2021లో తేలింది. మన పశ్చిమగోదావరి పల్లెల్లోనూ ఆశాలు ట్యాబ్ పట్టుకుని మనసు సంగతులు అడిగారు. అక్కడ తల్లులను మాత్రమే కాదు, పెద్దవాళ్లందరినీ.

ఫోన్ ఎవరిది?

ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు 100 కిలోమీటర్లు. చంటిబిడ్డతో వారం వారం బస్సెక్కడం అయ్యే పనేనా? అందుకే ఫోన్ చికిత్స ఈ మెట్టకు అక్కరకొస్తుంది. కానీ ఆ ఫోన్ భర్త జేబులో ఉంటే? వసారాలో అత్తగారు వింటుంటే? యాప్‌లు తయారుచేసేవాళ్లు ముందు ఈ సంగతి ఆలోచించాలేమో!

పక్కనే ఉన్న కలిగిరి మండలం దూబగుంటలో, అక్షరాలు దిద్దుకోవడానికి కూడిన ఆడవాళ్లే 1990ల మొదట్లో సారా దుకాణం మూయించారు. నలుగురు ఒకచోట కూర్చుని కష్టం చెప్పుకోవడం ఈ నేలకు తెలుసు. పొదుపు సంఘం సమావేశంలో బాలింతల దిగులూ ఒక ముచ్చటైతే, సగం బెరుకు పోతుంది.

కేంద్రం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో పగలూ రాత్రీ మాట్లాడొచ్చు. తెలుగులోనే, ఉచితంగా. బాలింతే చేయాలనేం లేదు, భర్తయినా అత్తయినా చేయొచ్చు. అయితే చనిపోవాలనిపిస్తోందన్నా, బిడ్డకు హాని చేస్తానేమో అని భయపడుతున్నా, లేనిపోని మాటలు వినిపిస్తున్నాయన్నా ఫోన్‌తో సరిపెట్టకండి. ఆమెను ఒంటరిగా వదలకుండా, 108 పిలిచి ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లండి.