ఇంటిపేరు చెప్పనిదే తెలియని పేర్లు

"కూచిపూడి" అని మాత్రమే వ్రాసి ఉత్తరం తపాలాపెట్టెలో వేస్తే అది ఎక్కడికి చేరవలెను? నాట్యానికి పుట్టినిల్లయిన కూచిపూడి కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉన్నది. కృష్ణానదికి ఆవలి వైపున, అమృతలూరు మండలంలో, మరొక కూచిపూడి కలదు. అది 2022 వరకు గుంటూరు జిల్లాలో ఉండి, ఆ ఏట ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరినది. రెండు పేర్లూ సరియైనవే. మండలం పేరు చేర్చనిదే చిరునామా పూర్తి కాదు.

కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాసేవారికి ఈ చిక్కు నిత్యం ఎదురవుతుంది. పెద్ద ప్రోగ్రామును ఒక్కరే వ్రాయరు. ఎక్కడెక్కడివారో వ్రాసిన భాగాలు ఒకచోట చేరుతవి. ఇద్దరు ఒకే పేరు పెట్టుకొనడం విడ్డూరం కాదు. అందువల్ల ఎవరి పేర్లను వారి ఆవరణలో ఉంచే పద్ధతి వచ్చినది. దీనిని నేమ్‌స్పేసు అంటారు. జావా భాషలో ప్యాకేజీ అని వ్యవహారం. పేరుబరి అని తెలుగు చేసినవారు కలరు. నన్నడిగితే మన ఇంటిపేరు కన్న మంచి పోలిక లేదు.

కూచిపూడివారినే చూడండి. కృష్ణమూర్తిగారు అంటే ఎవరు? నాట్యమేళం నడిపిన చింతా కృష్ణమూర్తిగారా, "మాయాబజార్" చిత్రానికి నృత్యాలు కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తిగారా? ఇంటిపేరు చెప్పగానే సందేహం తీరుతుంది. ఇంటిపేరు కూడ ఒకటే అయితే? వెంపటివారిలో సత్యంగార్లు ఇద్దరు. కనుక పెదసత్యం, చినసత్యం అని పిలువవలసి వచ్చినది. ఒకే నేమ్‌స్పేసులోనూ ఒకే పేరుతో రెండు క్లాసులు ఉండరాదు.

క్లాసు అంటే ఏమిటి? భామాకలాపంలో సత్యభామ పాత్ర ఉన్నది. ఆమె నడక, జడ, దరువులు ముందే ఏర్పరచినవి. అది క్లాసు. వేదాంతం సత్యనారాయణశర్మగారు వేషం కట్టగా ఒకనాటి రాత్రి రంగం మీదికి వచ్చిన సత్యభామ ఆబ్జెక్టు.

వేరొక నేమ్‌స్పేసులోని క్లాసును వాడదలచినవారికి రెండు దారులు. ప్రతిసారీ ఇంటిపేరుతో సహా నిండుపేరు వ్రాయడం ఒకటి. మొదట ఒక్కసారి, జావాలో "ఇంపోర్టు" అనీ సీ షార్ప్ భాషలో "యూజింగ్" అనీ ప్రకటించి, పిదప పొట్టిపేరుతో సరిపెట్టుకొనడం రెండవది. ఈ ప్రకటనతో ఆ క్లాసు మన ఇంటికి వచ్చి కూర్చున్నదని క్రొత్తవారు భ్రమపడతారు. ఏదీ రాదు. "ఇకమీదట కృష్ణమూర్తిగారంటే చింతావారే" అని ముందుగా చెప్పుకొనడం వంటిది, అంతే.

ఒక్కొక్క పేరు చెప్పే ఓపిక లేక, ఆ ఇంటి పేర్లన్నిటినీ గంపగుత్తగా ప్రకటించేవారున్నారు. దీని ఫలితం 1998లో కనబడినది. జావాలో ఏడబ్ల్యుటి అనే ప్యాకేజీలో లిస్ట్ అనే క్లాసు మొదటినుండి ఉన్నది. ఆ సంవత్సరం వెలువడిన 1.2 కూర్పులో, యుటిల్ అనే ప్యాకేజీలోనూ లిస్ట్ అనే పేరు వచ్చి చేరినది. రెండు ప్యాకేజీలనూ గంపగుత్తగా చెప్పుకొని, లిస్ట్ అని పొట్టిగా వ్రాసిన పాత ప్రోగ్రాములను క్రొత్త కంపైలరు నిరాకరించినది. వ్రాసినవారు ఒక్క అక్షరం మార్చలేదు. పొరుగింట బారసాల జరిగితే వీరింట తగవు పుట్టినది! ఏ లిస్టు కావలెనో ఒక్క పంక్తిలో విడిగా చెప్పితే అది తీరుతుంది.

జావా కంపైలరు తగవును బయటపెట్టినది, మేలే. పైథాన్ భాషలో ఇట్లు గంపగుత్తగా తెచ్చుకొంటే, వెనుక వచ్చిన పేరు ముందున్నదానిని చడీచప్పుడు లేకుండా తప్పించి ఆ స్థానంలో కూర్చుంటుంది. పొరపాటు ఎప్పుడో, ప్రోగ్రాము నడుస్తుండగా, తెలియవచ్చును.

ఇంటిపేరు తెలిసినంతమాత్రాన ప్రతి గదిలోకీ పోనివ్వరు కూడ. జావాలో పబ్లిక్ అని ప్రకటించని క్లాసును ఇతర ప్యాకేజీలవారు, నిండుపేరు వ్రాసినా, వాడలేరు.

ఆబ్జెక్టుకు మాత్రం ఈ పేర్ల ఎల్లలు లేవు. ఒక నేమ్‌స్పేసులో తయారైనదానిని మరొకదానికి అందించవచ్చును; అందుకొన్నవారు అది బహిరంగంగా చేసే పనులను చేయించుకొనవచ్చును. చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించారు. అక్కడ సత్యభామను చూచి ఆనందించడానికి మొవ్వ మండలం ఎక్కడున్నదో ప్రేక్షకులకు తెలియనక్కరలేదు. క్లాసును పేరుపెట్టి పిలువదలచినవారికే నిండుపేరుతో గాని, ఇంపోర్టుతో గాని పని.