టైరు అరగలేదు... అయినా జారింది!

‘‘నా వెనక టైరు 24 వేల కిలోమీటర్లు తిరిగింది బ్రో, ఇంకా గీతలున్నాయి’’ అని నిరుడు ఎండాకాలమంతా ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నాను. జూన్‌లో ఒకరోజు ఆ గొప్ప కాస్తా రోడ్డున పడింది. నేనూ, మా చెల్లీ కూడా.

చెల్లి భద్రాచలంలో స్టాఫ్ నర్స్. సెలవుకి ఖమ్మం వచ్చి, తిరిగి డ్యూటీకి వెళ్లాలంటే ‘‘బస్సెందుకు, నేను దింపుతా’’ అన్నాను. వైరా, తల్లాడ, జూలూరుపాడు, కొత్తగూడెం... అంతా ఎండే. పాల్వంచ దాటి అడవిలోకి వచ్చాక మబ్బు పట్టింది. సీజన్‌లో మొదటి చినుకులు. ఒక ఎడమ మలుపులో స్పీడు 50 దాటలేదు, బ్రేకు కూడా వేయలేదు. వెనక చక్రం చల్లగా పక్కకి జారిపోయింది. ఇద్దరం పడ్డాం.

హెల్మెట్లు, జాకెట్లు ఉన్నాయి కాబట్టి నాకు మోకాలు, చెల్లికి మోచెయ్యి గీసుకుపోవడంతో సరిపోయింది. మా వెనక వస్తున్న టిప్పర్ డ్రైవర్ టైముకి ఆపబట్టి ఇవాళ ఇది రాస్తున్నాను. లేచి నిలబడ్డాక చెల్లి తిట్టలేదు. దులుపుకుంటూ ఒకటే అడిగింది: ‘‘అన్నయ్యా, ఆ టైరు ఎన్ని వేలు తిరిగిందన్నావ్?’’

సారపాకలో పంక్చర్ షాపు పెద్దాయన టైరు మీద గోరుతో నొక్కి చూసి తేల్చేశాడు. ‘‘గీతలైతే ఉన్నయ్ తమ్ముడూ... రబ్బరే సచ్చిపోయింది.’’

టూరింగ్ బండికి టైరు ఎంచుకునేటప్పుడు మనందరం అడిగే మొదటి ప్రశ్న ‘ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?’ అడగాల్సింది ‘చివరి ఐదు వేల కిలోమీటర్లలో ఎలా ఉంటుంది?’ అని. నాకు ఇది అర్థం కావడానికి ఒక మోచెయ్యి ఖర్చయింది. మీకు ఫ్రీ.

ఒక్క దారిలో ఐదు రోడ్లు

వీకెండ్‌కి హైదరాబాద్ నుంచి భద్రాచలం రైడ్ కొట్టేవాళ్లకి ఈ దారి తెలుసు. సూర్యాపేట దాకా, అక్కణ్నుంచి ఖమ్మం దాకా నాలుగు లేన్ల నున్నటి రోడ్డు. ఖమ్మం చుట్టుపక్కల గ్రానైట్ లారీలు, వాటి నుంచి రాలిన రాళ్లు. పల్లెలు మొదలయ్యాక రోడ్డు మీదే ఆరబోసిన మొక్కజొన్న, వడ్లు. కొత్తగూడెం, పాల్వంచ వచ్చేసరికి బొగ్గు టిప్పర్లు, థర్మల్ స్టేషన్ బూడిద లారీలు, సారపాక పేపర్ మిల్లుకి వెళ్లే జామాయిల్ లోడ్లు. చివర్లో గోదావరి వంతెన మీద ఇనుప జాయింట్లు. అక్కడితో ఆగకుండా చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాట్ ఎక్కితే, నీడలో తడి ఆరని మలుపులు.

దీనికి వాతావరణం తోడు. మే నెలలో కొత్తగూడెంలో 45 డిగ్రీలు మామూలే. ఆ ఎండకి రోడ్డు మీద నెలల తరబడి డీజిలు, ఆయిలు, బొగ్గు పొడి, దుమ్ము పేరుకుంటాయి. మొదటి వానకి అవన్నీ నానిపోయి సబ్బు నురగలా పైకి తేలతాయి. గట్టి వాన పడితే కాసేపటికి కొట్టుకుపోతాయి. ప్రమాదమంతా ఆ మొదటి చినుకుల్లోనే. అంటే మనకి కావాల్సిన టైరు ఎండలో కరగకూడదు, హైవే మీద తొందరగా అరగకూడదు, మొదటి చినుకుల్లో జారకూడదు. మూడూ ఒకే రబ్బరుని అడుగుతున్నాం.

మైలేజీకి, గ్రిప్‌కి ఎందుకు పడదు?

రబ్బరు మెత్తగా ఉంటే రోడ్డు గరుకులోకి దిగి పట్టుకుంటుంది, కానీ త్వరగా అరుగుతుంది. గట్టిగా ఉంటే ఎక్కువ తిరుగుతుంది, పట్టు తగ్గుతుంది. ఈ గొడవ తీర్చడానికి కంపెనీలు రెండు దారులు వెతికాయి.

మొదటిది సిలికా. టైరుని నల్లగా చేసే కార్బన్ బ్లాక్ అరుగుదలని తట్టుకోవడానికి పనికొస్తుంది. దాంతోపాటు సిలికా కలిపితే, రబ్బరు తడి రోడ్డు మీద, ఇంకా వేడెక్కని టైములో కూడా పట్టు ఇస్తుంది. బైకు టైరు గుండ్రంగా, సన్నగా ఉంటుంది కాబట్టి నీళ్లని కారు టైరు కంటే తేలిగ్గా చీల్చుకుంటూ పోతుంది. అందుకే వానలో గాడులు ఎన్ని ఉన్నాయనే దానికంటే రబ్బరు ఎలాంటిదన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది.

రెండోది డ్యూయల్ కాంపౌండ్. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటిది. హైవే మీద నిటారుగా వెళ్తున్నప్పుడు మధ్య భాగం పనిచేస్తుంది, మలుపులో వాలినప్పుడు అంచులు పట్టుకుంటాయి. మిషెలిన్ రోడ్ 6 లాంటి స్పోర్ట్ టూరింగ్ టైర్లలో ఉన్నది ఇదే కిటుకు.

నా టైరు విషయంలో ఏం జరిగిందో ఇప్పుడు చెప్తాను. వారం వారం హైదరాబాద్–ఖమ్మం తిన్నగా తిరిగి తిరిగి దాని మధ్య భాగం చపాతీలా చదునైంది. గుండ్రంగా ఉండాల్సిన టైరుకి రెండు పక్కలా అంచు తేలింది. నిటారుగా ఉన్నంతసేపు హాయిగానే ఉంటుంది. మలుపులో వాల్చగానే బండి ఆ అంచు మీదుగా ఒక్కసారిగా పడినట్టవుతుంది. దానికి తోడు ఐదేళ్ల ఎండకి రబ్బరు గట్టిపడింది. గాడుల లోతు మాత్రమే చూసుకున్న నాకు ఈ రెండూ కనపడలేదు. తప్పు టైరుది కాదు. దాని టైమైపోయాక కూడా వాడిన నాది.

మలుపులో లెక్క

ఇంజినీరింగ్ ఫస్టియర్ ఫిజిక్స్ ఇక్కడ పనికొచ్చింది. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపు అనుకుందాం. 60 స్పీడులో తిరగాలంటే టైరుకి, రోడ్డుకి మధ్య కనీసం 0.57 ఘర్షణ కావాలి. 50లో 0.39. 40లో 0.25. పొడి తారు మీద మంచి టైరుకి 0.8 దొరికిందనుకుంటే మూడు స్పీడులూ ఓకే. దుమ్ము తడిసిన రోడ్డు మీద అది 0.4కి పడిపోయిందనుకోండి. 60 అయితే పడతారు. 50 అయితే అంచు మీద ఉన్నారు, యాక్సిలరేటర్ కాస్త తిప్పినా చాలు. 40లో ఇంకా చోటుంది.

బ్రేకింగ్ కూడా అంతే. 60 మీద ఆగడానికి 0.8 ఘర్షణ ఉంటే దాదాపు 18 మీటర్లు, 0.4 ఉంటే 35 మీటర్లు కావాలి. అడవిలో సాయంత్రం పూట ఇళ్లకి మళ్లే గేదెల మంద ఎదురైతే ఆ 17 మీటర్ల తేడా ఏంటో తెలుస్తుంది.

మంచి టైరు చేసేదల్లా ఆ 0.4ని కొంచెం పైకి జరపడమే. ఆ కొంచెమే మనం డబ్బు పెట్టి కొనేది. మిగతాది స్పీడు తగ్గించి ఉచితంగా తెచ్చుకోవాలి.

టైరు జాతకం పక్కగోడ మీదే ఉంటుంది

షాపులో టైరు చేతికి రాగానే పక్కగోడ చదవండి. 150/60 ఆర్17 66హెచ్ అని ఉందనుకోండి. 150 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 60 అంటే అందులో 60 శాతం ఎత్తు. ఆర్ అంటే రేడియల్. 17 అంగుళాల రిమ్. 66 అంటే ఆ టైరు 300 కిలోల బరువు మోయగలదు. హెచ్ అంటే గంటకి 210 కి.మీ. దాకా తట్టుకుంటుంది. డొమినార్ 400, జిక్సర్ ఎస్ఎఫ్ 250 లాంటి బండ్లకి వెనక ఈ సైజే. ‘లుక్కు కోసం’ ఇంకా వెడల్పు టైరు ఎక్కించొద్దు. రిమ్ దాన్ని నొక్కేసి టైరు ఆకారమే మారిపోతుంది, మలుపులో బండి మొండికేస్తుంది.

డాట్ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. షాపులో రెండు మూడేళ్లుగా పడి ఉన్న టైరుని డిస్కౌంట్ అని అంటగడితే ఈ నాలుగు అంకెలే మీ సాక్షి. టైరు కంపెనీల మామూలు సలహా ఏంటంటే, ఐదేళ్లు దాటితే ఏటా మెకానిక్‌కి చూపించాలి, పదేళ్లు దాటితే గాడులున్నా తీసేయాలి. మన ఎండల్లో బయట నిలబెట్టే బండికి అంతకాలం ఆగకపోవడమే మంచిది.

గాడుల మధ్యలో చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. అవి అరుగుదల గుర్తులు. టైరు వాటితో సమానమైతే పని అయిపోయినట్టే. మన చట్టం టూ వీలర్లకి కనీసం 0.8 మిల్లీమీటర్ల గాడి ఉండాలంటుంది. అది చలానా పడకుండా ఉండే హద్దు. భద్రాచలం వానకి హద్దు అంతకంటే చాలా ముందే వస్తుంది.

ఏది కొనాలి మరి?

సూపర్ స్పోర్ట్ టైర్లు వద్దు. అవి వేడెక్కితేనే పట్టు ఇస్తాయి, త్వరగా అరుగుతాయి. బొబ్బల్లాంటి దిమ్మెలుండే ఆఫ్‌రోడ్ టైర్లూ వద్దు. తడి తారు మీద వాటికి రోడ్డుని తాకే రబ్బరే తక్కువ. మనకి కావాల్సింది స్పోర్ట్ టూరింగ్ రేడియల్. మనవాళ్లలో అపోలో ఆల్ఫా హెచ్1, ఎంఆర్ఎఫ్ స్టీల్ బ్రేస్, టీవీఎస్ యూరోగ్రిప్ రోడ్‌హౌండ్ లాంటి రేడియల్స్ ఉన్నాయి. పెద్ద బండ్లకైతే మిషెలిన్ రోడ్ 6, మెట్జెలర్ రోడ్‌టెక్ 01, పిరెల్లీ ఏంజెల్ జీటీ 2. కేంద్రం 2020 జూన్‌లో కొత్త టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది కాబట్టి ఫారిన్ టైర్లు అన్ని సైజుల్లో, అన్నివేళలా దొరుకుతాయని అనుకోవద్దు. వానాకాలానికి నెల ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

కొనేటప్పుడు మూడు మాటలు గుర్తుంచుకోండి. ముందు రేడియల్, వెనక మామూలు బయాస్ టైరు అని కలపొద్దు. వీలైతే రెండూ ఒకే మోడల్ మార్చండి. కొత్త టైరు నున్నగా ఉంటుంది, మొదటి 150 కి.మీ. మెల్లగా నడపండి.

గాలి చూసుకోరా నాయనా

టైరు ఎన్ని వేలు తిరుగుతుందన్నది బ్రాండ్ కంటే ఎక్కువగా గాలి మీద ఆధారపడుతుంది. గాలి తక్కువైతే టైరు ఎక్కువగా నలిగి, వేడెక్కి, తొందరగా పాడవుతుంది. ఎక్కువైతే మధ్యలోనే అరిగి చదునవుతుంది.

ఒక మామూలు తప్పు చెప్తాను. పొద్దున్నే 25 డిగ్రీల్లో 28 పీఎస్ఐ పెట్టారు. మధ్యాహ్నానికి టైరులో గాలి 60 డిగ్రీలకి వేడెక్కితే అది దానంతటదే 33 అవుతుంది. బంకులో గేజీ చూసి ‘అమ్మో ఎక్కువైంది’ అని తీసేశారో, సాయంత్రం చల్లారాక తక్కువ గాలితో నడుపుతున్నట్టే. బండి మాన్యువల్‌లో రాసిన అంకె చల్లటి టైరుకి రాసింది. ఇద్దరు కూర్చుంటే వెనక ఎంత ఉండాలో కూడా అందులోనే ఉంటుంది. సొంత గేజీ ఒకటి కొనుక్కుని పొద్దున బయల్దేరే ముందు చూసుకోండి. దాంతోపాటు ట్యూబ్‌లెస్ పంక్చర్ కిట్ కూడా. చింతూరు అడవిలో ఫోన్‌కి సిగ్నల్ దొరక్క, పంక్చర్ షాపూ దొరక్క తిప్పలు పడతారు.

72 రూపాయలు

చివరిగా ఖర్చు. ఉదాహరణకి ఆరు వేల టైరు 20 వేల కి.మీ. వస్తే కిలోమీటరుకి 30 పైసలు. తొమ్మిది వేల మెత్తటి టైరు 15 వేలే వస్తే 60 పైసలు. తేడా 30 పైసలు. లీటరుకి 30 ఇచ్చే బండికి అదే కిలోమీటరుకి పెట్రోలే మూడు రూపాయలు దాటుతుంది. ఖమ్మం నుంచి భద్రాచలం పోయి రావడం 240 కి.మీ. అనుకుంటే మంచి టైరుకి అదనంగా అయ్యేది 72 రూపాయలు. ఇద్దరి టిఫిన్ ఖర్చు. దాన్ని మిగుల్చుకోవడానికే నేను 24 వేల కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటూ తిరిగాను.

ఇప్పుడు కొత్త టైర్లు వేశాను. ఇవి ఎన్ని వేలొస్తాయో ఆఫీసులో ఎవరికీ చెప్పడం లేదు. చెల్లి మాత్రం బండెక్కే ముందు వంగి వెనక టైరుని గోరుతో ఒకసారి నొక్కి చూస్తోంది. ఆ తర్వాతే ‘‘పద అన్నయ్యా’’ అంటుంది.