వేసవియు, మన యిండ్లును

గోదావరి జిల్లాలలోని మండువా యిండ్లను మన సోదరీమణులలో పెక్కుమంది చూచియే యుందురు. నడుమ ఆకాశమునకు తెఱచియున్న మండువా, చుట్టును వసారాలు, పైన పెంకులు. వేడెక్కిన గాలి తేలికయై మండువామీదుగా పైకి పోవును. దాని చోటికి వీధిగుమ్మమునుండి వేఱొక గాలి వచ్చును. వెడల్పైన చూరు గోడలపై ఎండ పడనీయదు. పెంకు పలుచన గనుక, పగలు కాగినను ప్రొద్దు క్రుంకిన కొంతసేపటికే చల్లారును.

మా పుట్టినిల్లును అట్టిదియే. మా అన్నగారు దానిని తీయించి డాబా కట్టించిరి. ముచ్చటగానే యున్నది, వానకు కురియదు, కోతులు పెంకులు లాగవు. కాని తరువాతి వేసవిలో మేము వెళ్లినప్పుడు మా అమ్మగారు రెండు జాముల రాత్రి దాక విసనకఱ్ఱతో కూర్చుండియుండుట చూచితిమి. సిమెంటు కప్పు పగలెల్ల ఎండను త్రాగి, ఆ వేడిని మెల్లమెల్లగా లోనికి దింపును. మనము పడకలు పఱచుకొను వేళకు అది గదిలోనికి చేరును. పైనున్న పంకా ఆ వేడిగాలినే మనపై త్రిప్పును.

ఇది నిద్రకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడదెబ్బకు వేయిమందికి పైగా మరణించిరి. పగటి ఎండకు సొలసిన దేహమునకు రాత్రియైనను చల్లదనము దొరకనిచో వృద్ధులకు ప్రమాదము హెచ్చు.

కట్టిన యిల్లు పడగొట్టలేము గదా! కావున ముందుగా కప్పు సంగతి చూడవలెను. మాసి నల్లబడిన కప్పు ఎండను పీల్చుకొనును. తెల్లని కప్పు చాలవఱకు త్రిప్పికొట్టును. ఫాల్గుణములోనే డాబా శుభ్రముగా కడిగించి, సున్నములో కొంచెము జిగురు కలిపి రెండు పూతలు వేయింపవలెను. వానలకు పోవును గనుక ఏటేట వేయక తప్పదు. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమును ప్రకటించి, 600 చదరపు గజములు మొదలు ఆపై స్థలములలో కట్టు నివాసములకు అట్టి కప్పు తప్పనిసరి చేసెను. అంతకు చిన్నవారికి అది వారి యిష్టము. ఎక్కువగా ఉడికిపోవునవి ఆ చిన్న యిండ్లే యని మా తలంపు.

పడమటి గోడకు పందిరి వేసి చిక్కుడో, కాకరయో ప్రాకింపవచ్చును. కిటికీకి లోపలి తెరకంటె వెలుపలి చాప మేలు. ఎండ గదిలోనికి రాకమునుపే ఆగును. వట్టివేళ్ల తడికెలు పొడిగాలి వీచు సీమలలో దివ్యముగా నుండును గాని, సముద్రతీరమున గాలియే తడిగా నుండుటచే అంతగా పనిచేయవు.

ఇక క్రొత్తగా ఇల్లు కట్టువారు పటము గీయునాడే వంటయింటి మాట అడుగవలెను. పొయ్యి ఆగ్నేయమున నుండవలెనని పట్టుబట్టు పెద్దలు, ఆ గదికి ఎదురెదురు కిటికీలుండవలెనని యేల పట్టుబట్టరో! పై కప్పు దగ్గఱ వేడిగాలి పోవు కంతలు కూడ కావలెను. మధ్యాహ్నము పొయ్యి ముందర నిలుచుండువారు పటము గీయువారు కారు గనుకనే యవి మఱపునకు వచ్చును.

మా అన్నగారి డాబాకు నిరుడు సున్నము వేయించితిమి. అమ్మగారిప్పుడు పది గంటలకే కన్ను మూయుచున్నారు. మండువాను తలంచుకొనుట మాత్రము మానలేదు.