ఒకే పల్లె, రెండు కాలాలు: ఆల్ప్స్ కొండ మీది మ్యూరెన్‌ను ఎప్పుడు చూడాలి?

స్విట్జర్లాండ్ వెళ్లే మనవాళ్లలో చాలామంది ఇంటర్‌లాకెన్‌లో దిగి, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలెక్కి, మంచులో ఫొటోలు తీసుకుని తిరిగొచ్చేస్తారు. ఆ దారిలోనే లౌటర్‌బ్రునెన్ లోయ వస్తుంది. లోయ పడమటి అంచున, నిట్టనిలువు కొండ మీద, సుమారు 1,640 మీటర్ల ఎత్తులో మ్యూరెన్ ఉంది. పర్యాటకుల కార్లు అక్కడికి వెళ్లవు. కేబుల్ కార్ ఎక్కి నేరుగా చేరుకోవచ్చు. లేదా సగం దూరం కేబుల్ కార్‌లో వెళ్లి, 1891 నుంచి నడుస్తున్న చిన్న రైలు అందుకోవచ్చు.

చలికాలం: స్కీ ఆటల ఊరు

ఒకప్పుడు ఇక్కడ చలికాలమంటే పశువులను కొట్టంలో కట్టేసి, దాచిన ఎండుగడ్డితో నెట్టుకొచ్చే కాలం. 20వ శతాబ్దం మొదట్లో బ్రిటిష్ పర్యాటకులు రావడంతో అది మారింది. 1922లో ఆర్నాల్డ్ లన్ ఆధునిక స్లాలమ్ పోటీని ఇక్కడే నిర్వహించారు. 1931లో తొలి ఆల్పైన్ స్కీ ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలూ ఇక్కడే జరిగాయి. 1928లో మొదలైన ‘ఇన్‌ఫెర్నో’ పందేనికి ఇప్పటికీ ఏటా జనవరిలో జనం పోటెత్తుతారు. స్కీయింగ్ రానివాళ్లకు చదును చేసిన మంచు బాటల మీద నడక, స్లెడ్జ్ బండ్లు ఉన్నాయి.

వేసవి: గడ్డి, పాలు, చీజ్

జూన్ వచ్చేసరికి ఆవులు మెడలో గంటలతో ఎగువ పచ్చిక బయళ్లకు బయల్దేరతాయి. అక్కడి పాలను అక్కడే చీజ్‌గా మారుస్తారు. కింద ఊరి దగ్గర, యంత్రాలు ఎక్కలేని వాలుల్లో రైతులు చేత్తోనే గడ్డి కోస్తారు. చలికాలానికి మేత అదే. ఇదే బెర్న్ కొండప్రాంతంలోని యూస్టిస్ లోయలో, సెప్టెంబరులో, ఎవరి ఆవులు ఎన్ని పాలిచ్చాయో లెక్కచూసి చీజ్‌ను పంచుకునే ఆచారం ఉంది. పశువులను కొండకు తోలే ఈ సంప్రదాయానికి 2023 డిసెంబరులో యునెస్కో గుర్తింపు లభించింది.

మేపడం మానేస్తే ఆ బయళ్లను పొదలు, ఆ తర్వాత అడవి ఆక్రమిస్తాయి. అందుకే స్విస్ ప్రభుత్వం రైతులకు డబ్బు చెల్లిస్తుంది. పర్యాటకులు ఫొటో తీసుకునే ఆ పచ్చదనం ప్రకృతి ఒక్కటే ఇచ్చింది కాదు, రైతు చెమట కూడా.

ముప్పు ఎక్కడుంది?

రెండు వైపులా ఉంది. మొదటిది జనం తాకిడి. లోయలోని లౌటర్‌బ్రునెన్ ఒక రోజు కోసం కార్లలో వచ్చేవారి నుంచి ప్రవేశ రుసుము వసూలు చేయాలని 2024లో ఆలోచించింది. సెలవు ఇళ్లు పెరిగి స్థానికులకు ఇళ్లు దొరకని సమస్య ఆల్ప్స్ అంతటా ఉంది. అందుకే ఏ ఊరిలోనూ సెలవు ఇళ్లు 20 శాతం దాటకూడదని 2012లో స్విస్ ఓటర్లు తీర్పిచ్చారు.

రెండోది వాతావరణం. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు దాదాపు 10 శాతం కరిగిపోయాయి. 2025 మే 28న లోచెన్ లోయలో బిర్చ్ హిమానీనదం కూలి, బ్లాటెన్ గ్రామంలో అత్యధిక భాగాన్ని పూడ్చేసింది. సుమారు 300 మంది గ్రామస్థులను తొమ్మిది రోజుల ముందే ఖాళీ చేయించడంతో పెద్ద ప్రాణనష్టం తప్పింది. అయినా ఒకరు చనిపోయారు. మధ్యయుగంలో మ్యూరెన్, పక్కనున్న గిమ్మెల్‌వాల్డ్ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఆ లోచెన్ లోయవారే. అంటే బ్లాటెన్ విషాదం వీళ్లకు పరాయిది కాదు.

మనవాళ్లు ఎప్పుడు వెళ్లాలి?

పిల్లల సెలవులు ఏప్రిల్, మే నెలల్లో కాబట్టి మనవాళ్లు అప్పుడే బయల్దేరతారు. కానీ ఈ పల్లెకు అది రెండు కాలాల మధ్య సందు. స్కీయింగ్ ముగుస్తుంది, ఆవులింకా కొండెక్కవు. మరమ్మతుల కోసం కొన్ని కేబుల్ కార్లు, హోటళ్లు మూసేస్తారు. మంచు కావాలంటే జనవరి, ఫిబ్రవరి. పచ్చిక, గంటల చప్పుడు కావాలంటే జూన్ చివరి నుంచి సెప్టెంబరు వరకు మేలు. వీలైతే ఒక రాత్రి అక్కడే ఉండి, స్థానిక రైతు దగ్గర చీజ్ కొనండి. కొండ మీద ఊరు నిలవాలంటే అక్కడ బతికేవాళ్లకు ఆదాయం ఉండాలి.