సన్న చెట్ల పలకలు – కూలీల పని దినాలు

తలుపుకు, అల్మారాకు ఇప్పుడు పెద్ద టేకు మాను అక్కర్లేదు. నాలుగైదేళ్లలో నరకడానికొచ్చే సుబాబుల్, నీలగిరి, సర్వి చెట్లు చాలు. సన్న దుంగను యంత్రంపై తిప్పి పలుచని పొర తీస్తారు. ఒక పొర పోగు నిలువుగా, ఇంకో పొర పోగు అడ్డంగా పేర్చి, జిగురు పూసి వేడి ప్రెస్సులో నొక్కితే ప్లైవుడ్. ఇంకా సన్న కర్రనైతే ముక్కలు కొట్టి, ఆవిరితో పీచు చేసి నొక్కుతారు. అది ఎం.డి.ఎఫ్. పలక. శ్రీకాళహస్తి దగ్గర 2018లో ఇటువంటి పెద్ద కార్ఖానా మొదలైంది.

కార్ఖానాలు అడవి మీద పడకుండా రైతుల దగ్గర కర్ర కొనాలని 1988 జాతీయ అటవీ విధానమే చెప్పింది. అడవి మిగలడం మంచిదే. మేము ఈ పలకలకు వ్యతిరేకం కాదు. మా ప్రశ్న ఒకటే: ఇందులో కూలీకి ఏం మిగుల్తుంది?

వరి పొలంలో నాట్లు, కలుపు, కోత ఉంటయి. కోత పనిని మిషన్లు ఇప్పటికే మింగినయి. చెట్ల తోటలో మొదట్లో కలుపు తీస్తే, మళ్లీ నరికేదాకా పని లేనట్టే. నరికేటప్పుడూ గుత్తేదారు తన ముఠాను తెచ్చుకుంటాడు. ఊరి కూలీ గట్టు మీద నిలబడి చూడాల్సిందే.

రైతుకూ ప్రమాదముంది. ఒకే కార్ఖానాను నమ్ముకుంటే ఏమైతదో వర్ని, బోధన్ జనానికి ఒకరు చెప్పాలా? 1937లో మొదలైన నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా 2002లో ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో తాళం పడింది. చెరకు రైతుతో పాటు కోత ముఠా, బండివాడు, కార్మికుడు అందరూ వీధిన పడ్డారు.

అయినా చెరకుకు 1966 నియంత్రణ ఉత్తర్వు ఉంది. కనీస ధర ఇవ్వాలి, 14 రోజుల్లో డబ్బు కట్టాలి, ఆలస్యమైతే 15 శాతం వడ్డీ ఇవ్వాలి. అమలు సంగతి వేరు, నిలదీసి అడగడానికి కాగితమైతే ఉంది. కర్రకు అటువంటి కేంద్ర ఉత్తర్వే లేదు. ఆంధ్రలో ప్రభుత్వం సుబాబుల్ టన్నుకు 4,200 రూపాయలని ప్రకటించాక కూడా, కాటా దగ్గర ఆ ధర దక్కక రైతులు రోడ్డెక్కారు.

ఇంకో మాట. ఈ పలకల జిగురులో ఎక్కువగా ఫార్మాల్డిహైడ్ ఉంటుంది. దాని ఆవిరికి కండ్లు, గొంతు మండుతయి. అది క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చింది. ప్రెస్సు దగ్గర నిలబడేది యజమాని కాదు, కార్మికుడు.

అందుకే మేము కోరేది ఇది. నీరున్న వరి పొలాలను వదిలి గట్లు, బీడు భూముల్లో చెట్లు పెంచాలి. నర్సరీ, నాటుడు, నరుకుడు పనులు గుత్తేదారుకు కాకుండా ఊరి కూలీ సంఘాలకే ఇవ్వాలి, టన్నుకింత అని కూలి రేటు రాసివ్వాలి. చెరకుకున్నట్టే కర్రకూ ధర, గడువు, వడ్డీ ఉత్తర్వు తేవాలి. కార్ఖానాలో గాలి ఆడే ఏర్పాటు, ఇ.ఎస్.ఐ. ఉండాలి.

సోదరులారా, మొక్క నాటే రోజునే ఈ షరతులు పెట్టాలి. చెట్టు పెరిగి లారీ ఎక్కినంక అడిగితే వినేవాడుండడు. గ్రామసభలో లేవండి, రైతును కలుపుకోండి, కలిసి అడగండి.