మీకు తెలుసా? ఇంటిదొంగ ట్యూబులోనే!

ల్యాబులో పెంచుతున్న బ్యాక్టీరియా కల్చర్‌లోకి పరాయి సూక్ష్మజీవి చొరబడితే, దాని ఆనవాలు పట్టివ్వడానికి చాలాసార్లు ఒక్క జన్యువు చాలు. దాన్ని 16ఎస్ అంటారు. పొడవు దాదాపు 1,500 డీఎన్ఏ అక్షరాలు. ఇది లేని బ్యాక్టీరియా లేదు. ఈ జన్యువులో కొన్ని భాగాలు అన్ని జాతుల్లోనూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, మిగతావి జాతికో తీరుగా మారతాయి. ఒకేలా ఉన్నచోట పట్టుకుని పీసీఆర్‌తో కోట్ల కాపీలు తీస్తారు. మారినచోట చదివి, డేటాబేసులో ఎవరితో సరిపోతుందో చూస్తారు. ఇలాంటి పోలికలతోనే అమెరికా శాస్త్రవేత్త కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్‌తో కలిసి 1977లో ఆర్కియా అనే జీవుల వర్గం వేరే ఉందని తేల్చారు.

ప్లేటు మీద కాలనీలన్నీ ఒకేలా తెల్లగా కనిపించినా సీక్వెన్సింగ్ గ్రాఫ్ దగ్గర గుట్టు బయటపడుతుంది. శుద్ధమైన కల్చరైతే ఒక్కో అక్షరానికి ఒక్కో రంగు శిఖరం, విడివిడిగా లేస్తుంది. రెండు రకాలు కలిసి ఉంటే, అవి తేడాపడే చోటల్లా ఒకే స్థానంలో రెండు రంగులు ఒకదానిమీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. ఏ అక్షరమో తేల్చలేక సాఫ్ట్‌వేర్ అక్కడ ‘ఎన్’ అని రాసి ఊరుకుంటుంది. ఇక మళ్లీ అగార్ మీద గీసి, విడి కాలనీ ఏరి, మొదటినుంచి చదవాల్సిందే. అయినా ఇ.కోలై, షిగెల్లా లాంటి దగ్గరి చుట్టాల్ని ఈ జన్యువు విడదీయలేదు. వాటికి వేరే జన్యువులో, మొత్తం జీనోమో చదవాలి.

అసలు తిరకాసు మరోచోట ఉంది. పీసీఆర్‌లో వాడే ట్యాక్ ఎంజైమును సాధారణంగా ఇ.కోలైలోనే తయారుచేస్తారు. ఎంత శుద్ధిచేసినా ఆ ఇ.కోలై డీఎన్ఏ పిసరంత మిగలొచ్చు. ఆటోక్లేవ్ క్రిముల్ని చంపుతుంది గానీ వాటి డీఎన్ఏ ముక్కల్ని పూర్తిగా తుడిచేయదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా! 2014లో బ్రిటన్ పరిశోధకులు ఈ దొంగనే పట్టిచూపారు. శుద్ధమైన సాల్మొనెల్లా బొంగోరి కల్చర్‌ను పదింతల చొప్పున ఐదుసార్లు పలచన చేశారు. నమూనాలో సుమారు వెయ్యి కణాలే మిగిలేసరికి ఫలితాల్లో సాల్మొనెల్లా వెనకబడి, డీఎన్ఏ వెలికితీసే కిట్లలోంచి వచ్చిన ఇతర బ్యాక్టీరియాల డీఎన్ఏదే పైచేయి అయింది.

అందుకే జాగ్రత్తగల ల్యాబులో ప్రతి బ్యాచ్‌తోపాటు నమూనా వేయని ట్యూబు ఒకటి నడుపుతారు. బ్లాంక్ అంటే అదే. అందులోనూ బ్యాక్టీరియా కనిపిస్తే తప్పు మీ కల్చర్‌ది కాకపోవచ్చు. సూక్ష్మజీవశాస్త్రం చదువుతున్నవారు కల్చర్ పారబోసేముందు బ్లాంక్ ఫలితం అడిగి చూడండి.