ఫోను తెరచినవన్నీ మూసుకుపోతుంటే...



క్రిందటి వర్షాకాలంలో ఒక సాయంత్రం పొరుగూరి తల్లి ఒకామె మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త చనిపోయి రెండేళ్ళయింది. కుమారుడు గల్ఫులో పనిచేస్తున్నాడు. ఆమె కొంగున చుట్టుకొన్న ఫోను తీసి బల్ల మీద పెట్టింది. "అయ్యగారూ, ఏది ముట్టుకున్నా తెరుచుకున్నట్టే తెరుచుకుని మూసుకుపోతున్నది. మొత్తం చెరిపేస్తేగాని బాగవదని టౌనులో షాపు కుర్రవాడన్నాడు. ఇందులో ఆయన ఫోటోలున్నాయి, ఆయన గొంతు ఉన్నది. ఏం చేయమంటారు?" అని అడిగింది.

"చెరిపించవద్దమ్మా, కాసేపు కూర్చోండి" అన్నాను. నేను మెకానిక్కును కాను. కాని ఇదే మాటకు ఒకప్పుడు నేను తొందరపడి తల ఊపాను. మా నాన్నగారి చివరి దినాల ఫోటోలు ఆ పూటతో పోయాయి. ఆ నష్టం మీలో ఎవరికీ కలుగకూడదనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మన ఫోనులో రెండు రకాల యాప్‌లు ఉంటాయి. మనం కోరి తెచ్చుకొన్నవి కొన్ని. ఫోనుతోపాటే వచ్చి, మన కంటికి కనబడకుండా పనిచేసేవి మరికొన్ని. ఈ రెండవ రకాన్నే సిస్టమ్ యాప్‌లంటారు. ఊరి మంచినీళ్ళ ట్యాంకులో లోపముంటే వీధి వీధినా కుళాయిలు ఒక్కసారే ఆగిపోతాయి. అప్పుడు ఇంటింటి కుళాయి విప్పి చూస్తే ప్రయోజనమేమి? అట్లే ఒక సిస్టమ్ యాప్ చెడినప్పుడు దానిమీద ఆధారపడిన మంచి యాప్‌లు కూడా మూసుకుపోతాయి.

ఇందుకు అందరూ చూచిన నిదర్శనమొకటి ఉన్నది. 2021 మార్చి 22, 23 తేదీలలో లోకమంతటా ఎందరి ఆండ్రాయిడ్ ఫోనులలోనో జీమెయిల్ మొదలైన యాప్‌లు తెరిచీ తెరవగానే మూసుకుపోయాయి. తప్పు ఆ యాప్‌లది కాదు. ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ అనే సిస్టమ్ యాప్‌లో లోపం వచ్చింది. ఇతర యాప్‌లు తమలోపలే ఇంటర్నెట్ పేజీలు చూపడానికి ఈ వెబ్‌వ్యూ సాయం తీసుకుంటాయి. కొన్ని గంటలలోనే గూగుల్ సంస్థ సరిచేసిన అప్‌డేట్ పంపింది. వెబ్‌వ్యూను, క్రోమ్‌ను 89.0.4389.105 అనే వెర్షన్‌కు మార్చుకొన్నవారి ఫోనులు కుదుటపడ్డాయి. ఫోను చెరిపివేయవలసిన అవసరమే లేకపోయింది.

అందుచేత ఇటువంటి కష్టం వస్తే వరుసగా ఇట్లు చేయండి.

మొదట, విలువైన వాటిని భద్రం చేయండి. ఫోటోలు, రికార్డింగులు మెమరీ కార్డులోకో, కంప్యూటరులోకో ఎక్కించండి. గ్యాలరీ తెరుచుకోకపోయినా, ఫోనును వైరుతో కంప్యూటరుకు కలిపి 'ఫైల్ ట్రాన్స్‌ఫర్' ఎంచుకుంటే చాలాసార్లు అవి దొరుకుతాయి.

రెండవది, ఫోను ఆపి మరల వెలిగించండి. చాలా చిక్కులు ఇక్కడే తీరుతాయి.

మూడవది, ఫోనులో ఖాళీ ఉన్నదేమో చూడండి. నిండిపోయిన ఫోనులో అప్‌డేట్‌లు ఎక్కవు. పనికిరాని వీడియోలు తీసివేయండి. తరువాత ప్లే స్టోర్‌లో క్రోమ్‌ను, వెబ్‌వ్యూను వెదకి అప్‌డేట్ చేయండి. సెట్టింగ్స్‌లో ఫోను మొత్తానికి వచ్చిన అప్‌డేట్ ఉంటే అదీ చేయండి.

నాలుగవది, ఏ యాప్ ఆగిపోతున్నదో తెర మీద పేరు కనబడితే వ్రాసుకోండి. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరచి, మూలనున్న మూడు చుక్కలు నొక్కి, సిస్టమ్ యాప్‌లను చూపమనండి. ఆ పేరు మీద నొక్కి, ముందు 'ఫోర్స్ స్టాప్', తరువాత స్టోరేజ్‌లో 'క్లియర్ కాష్' నొక్కండి. దీనివలన ఫోటోలు గాని మెసేజీలు గాని పోవు. దాని ప్రక్కనే ఉండే 'క్లియర్ డేటా' మాత్రం వేరు. కాంటాక్ట్స్ స్టోరేజ్ వంటి వాటిలో అది నొక్కితే, ఫోనులో మాత్రమే దాచుకొన్న నంబర్లు తుడిచిపెట్టుకుపోతాయి. తెలియకుండా దాని జోలికి పోవద్దు.

అయిదవది, అప్‌డేట్ చేసిన తరువాతనే ఈ బాధ మొదలైతే, అదే చోట మూడు చుక్కలలో ఉండే 'అన్ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' నొక్కండి. ఆ యాప్ ఫోనుతో వచ్చిన నాటి రూపానికి వెళ్తుంది. సరిచేసిన అప్‌డేట్ వచ్చాక మరల ఎక్కించుకోవాలి. పాతదానితోనే ఉండిపోవడం క్షేమం కాదు.

ఆరవది, సేఫ్ మోడ్. అనేక ఫోనులలో పవర్ మీట నొక్కి పట్టి, తెర మీద వచ్చే 'పవర్ ఆఫ్' గుర్తును వ్రేలితో అదిమి ఉంచితే ఇది వస్తుంది. అందులో ఫోను నెమ్మదిగా నడిస్తే తప్పు మనం తెచ్చుకొన్న యాప్‌దే. ఫోను తిరిగి వెలిగించి, ఇటీవల ఎక్కించినవి ఒక్కొక్కటిగా తీసి చూడండి.

ఇవేవీ పనిచేయనప్పుడే ఫ్యాక్టరీ రీసెట్, అనగా మొత్తం చెరపడం. అదీ అన్నీ దాచుకొన్న తరువాతనే.

మరొక హెచ్చరిక. "మీ ఫోను బాగుచేస్తాం" అని ఫోనుచేసే అపరిచితుల మాట నమ్మవద్దు. వారు పంపిన యాప్ ఎక్కించవద్దు, ఓటీపీ చెప్పవద్దు. మోసపోయి డబ్బు పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు ఫోనుచేయండి.

ఇక ఆ తల్లి ఫోను సంగతి. అది ఉదయపు శుభాకాంక్షల వీడియోలతో నిండి, అప్‌డేట్ సగంలో ఆగి ఉన్నది. మా అబ్బాయి ముందుగా ఫోటోలు కంప్యూటరులోకి ఎక్కించాడు. వీడియోలు తీసి, వెబ్‌వ్యూను అప్‌డేట్ చేశాడు. గంటలోపే ఫోను నిలకడగా తెరుచుకున్నది. ఆమె మొదట కుమారునికి ఫోను చేయలేదు. ఒక పాత రికార్డింగు నొక్కింది. "బియ్యం తేవాలా?" అని ఒక పెద్దాయన గొంతు వినబడింది. అంతే. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఇంకొక్కసారి వింటానయ్యగారూ" అన్నది.

ఇటువంటి గొంతు ఏదైనా మీ ఇంటి ఫోనులోనూ ఉండవచ్చు. ఫోను బాగున్న ఈ రోజే దాన్ని మరొక చోట దాచి ఉంచండి.